చాముండేశ్వరి తట్టి చూసిన గిన్నెలు

తెల్లవారి స్నానం కాగానే, తడి తలకు తువ్వాలు చుట్టుకుని, పొయ్యి వెలిగించకముందే చాముండేశ్వరి ఇంట్లోని పింగాణీ కప్పులనూ, ఊరగాయ జాడీలనూ, దేవుడి దగ్గరి కంచు గిన్నెనూ వంటింటి గట్టు మీద వరసగా పెట్టుకునేది. కుడిచేతి చూపుడువేలు మడిచి, కణుపుతో ఒక్కొక్కదాన్నీ తట్టేది. తట్టి, తల కాస్త వాల్చి వినేది. ఖంగుమంటే మంచిది. మొద్దుగా మోగితే కంటికి కనపడని బీట ఎక్కడో ఉన్నట్టే. అలాంటిది పొద్దు పైకి రాకముందే చెత్త బిన్‌లోకి పోవలసిందే. ఓటి పాత్ర ఉన్న ఇంట్లో లక్ష్మీదేవి కూర్చోదని ఆమెకు వాళ్ళమ్మ చెప్పింది. అమ్మ చెప్పినదాన్ని చాముండేశ్వరి ఏనాడూ మళ్ళీ తట్టి చూడలేదు.

ఆ చెవికి చిన్ననాడే పేరు వచ్చింది. ఏడేళ్ళ పిల్లగా తల్లి వెంట కుమ్మరి ఇంటికి వెళితే, కుండల మధ్య చతికిలబడి టకటకా తట్టి, "ఇది వద్దమ్మా, ఇది ఓటిది" అనేదట. "ఈ పిల్ల గడప తొక్కిందంటే నా ఓటికుండలు నాకే మిగులుతాయి తల్లీ" అని కుమ్మరి నవ్వేవాడట. తర్వాత పెళ్ళయింది, వీరభద్రరావు వెంట అమెరికా వచ్చింది. చాండ్లర్‌లో చిప్పులు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో పంతొమ్మిదేళ్ళు పనిచేసింది. తలనుంచి పాదాల దాకా తెల్ల ముసుగు తొడుక్కుని, అద్దంలాంటి గుండ్రటి బిళ్ళలను మైక్రోస్కోపు కింద పెట్టి తప్పు వెతకడమే ఆమె ఉద్యోగం. వెంట్రుకలో వందోవంతు గీత ఉన్నా ఆ బిళ్ళ పనికిరాదు. దుమ్ము వాలకుండా పైకప్పులో ఫ్యాన్లు పగలూ రాత్రీ హోరుమంటూ ఉండేవి. ఇంటికొచ్చి అన్నం తినేదాకా ఆ హోరు చెవుల్లోనే ఉండేది. రెండువేల తొమ్మిదిలో ఉద్యోగం మానేసింది. తప్పు వెతికే కన్నూ, తప్పు వినే చెవీ మాత్రం మానలేదు.

మానలేదు గనకనే ఆమెకు ఒక అనుమానం వచ్చింది: రెండేళ్ళుగా లోకంలో సరుకే చెడిపోయింది. కొత్త కప్పులు కొనితెచ్చిన మర్నాడే మొద్దుగా మోగుతున్నాయి. పదిహేడు కప్పులూ, రెండు జాడీలూ బిన్‌లో పడ్డాయి. చివరికి పుట్టింటి కంచు గిన్నె కూడా మూగబోతే, దాన్ని గుడ్డలో చుట్టి అటక మీద పెట్టించింది.

"మన ఇంట్లో కప్పు బతికి బట్టకట్టదు" అనేవాడు వీరభద్రరావు, స్టీలు గ్లాసులో కాఫీ తాగుతూ. "నన్ను తట్టి చూడకే, అరవై మూడేళ్ళ సరుకు. ఏం మోగుతానో ఏమో."

"మీకు రాగం తెలీదు, తాళం తెలీదు. ఊరుకోండి."

"రాగం సంగతేమో గానీ, ఆ టీవీ కాస్త తగ్గించు. వీధి మొత్తానికీ తెలుగు వచ్చేసేలా ఉంది."

సరుకే కాదు, మనుషులూ మారినట్టే తోచేది. గుడి వంటశాలలో పాత్రల పెత్తనం చాముండేశ్వరిదే. అక్కడ సుమతి ఇదివరకు గలగలా మాట్లాడేది, ఇప్పుడు నోట్లోనే గొణుగుతోంది. ఇద్దరు ఆడవాళ్ళు సింకు దగ్గర నవ్వుకుంటే, అది తన గురించే అనిపించేది. "ఏమిటర్రా అది?" అని అడిగితే, "ఏం లేదక్కా" అని ఇంకోసారి గొణిగేవాళ్ళు. ఏం లేకపోతే గొణుగుడు ఎందుకు?

ఇలాంటి రోజుల్లో పక్కింట్లోకి ఫుమికో వచ్చింది. డెబ్బై దాటిన జపాను ఆవిడ. భర్త పోయాడు, పిల్లలు లేరు. కారుండాల్సిన గరాజ్‌లో కుండలు చేసే సారె పెట్టుకుంది, మూలన వాటిని కాల్చే కరెంటు ఆవం పెట్టుకుంది. ఎవరి జోలికీ పోదు. కానీ శుక్రవారం చెత్త బండి వెళ్ళగానే, రోడ్డు మీదున్న చాముండేశ్వరి బిన్‌ను తన బిన్‌తో పాటు లాక్కొచ్చి వాళ్ళ గోడవారగా నిలబెట్టి పోయేది. చెట్టున కాసిన పంపరపనసలు సంచీలో వేసి గుమ్మంలో పెట్టిపోయేది. తలుపు కూడా కొట్టేది కాదు.

"ఊరికే ఎవరు చేస్తారండీ?" అని చాముండేశ్వరి భర్తతో అంది. "మన బిన్‌లో ఏముందో చూస్తోందేమో."

"బండి వెళ్ళాక ఏముంటుందే? ముందే చూస్తే పదిహేడు కప్పులుంటాయి. పాపం, ఈ ఇంట్లో రోజూ పోట్లాటేమో అనుకుంటుంది" అన్నాడాయన.

చాముండేశ్వరి నవ్వలేదు. వంటింటి కిటికీలోంచి గరాజ్ నేరుగా కనిపిస్తుంది. ఒకరోజు పొద్దున చూస్తుండగా, ఫుమికో సారె మీద ఒక గిన్నె చేసింది. మచ్చుకైనా ఒక్క వంక లేని గుండ్రటి గిన్నె. చాముండేశ్వరి మెచ్చుకోబోయింది కూడా. అంతలో ఆ ముసలావిడ గిన్నెను రెండు చేతుల్లోకి తీసుకుని, పసిపిల్ల బుగ్గ నొక్కినట్టు ఒకవైపు మెల్లగా నొక్కింది. గిన్నె ఒరిగింది. ఫుమికో దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుని, సంతోషంగా పలక మీద పెట్టింది. ఆ పలక మీద అలాంటివే పదో పన్నెండో ఉన్నాయి. ఒక్కటీ తిన్నగా లేదు.

"మంచిదాన్ని చేతులారా చెడగొట్టుకుంది!" అనుకుంది చాముండేశ్వరి. "ఈమెకు మతి సరిగా లేదు. లేదంటే చెడిన సరుకును ఇలాగే ఉంటుందని చెప్పి అమ్ముకోవడానికి ఇదొక ఎత్తు."

రెండువేల పన్నెండు మార్చిలో కూతురు శ్రీలేఖకు సీమంతం పెట్టుకున్నారు. శ్రీలేఖ ఉండేది ఆ ఊళ్ళోనే, పదిహేను నిమిషాల దూరంలో. పెళ్ళయిన ఎనిమిదేళ్ళకు నిలిచిన కడుపు. రెండేళ్ళ క్రితం ఒకసారి నాలుగో నెల దాకా వచ్చి పోయింది. అందుకని ఈసారి చాముండేశ్వరి ఏడో నెల వచ్చేదాకా ఎవరికీ నోరు విప్పి చెప్పలేదు, చెప్పాక దేవుడి దగ్గర దీపం కొండెక్కనివ్వలేదు. ఆదివారం ముహూర్తం. కూతురికి కడుపు చలవ కోసం చలిమిడి తానే చేసిపెట్టాలి, వచ్చిన ముత్తయిదువులందరికీ అదే పంచాలి.

బుధవారం సాయంత్రం శ్రీలేఖ రెండు పెద్ద అట్టపెట్టెలు మోయించుకుని వచ్చింది.

"అమ్మా, సర్‌ప్రైజ్! ఫుమికో ఆంటీ దగ్గర ఫార్టీ బౌల్స్ ఆర్డర్ చేశా. చలిమిడి ఇందులో పెట్టి ఇద్దాం. అందరూ ఇంటికి తీసుకెళ్తారు. ఏ రెండూ సేమ్ ఉండవ్, తెలుసా?"

"సేమ్ లేకపోతే తప్పు చేసినట్టేగా?"

"అమ్మా, నువ్వు స్టార్ట్ చెయ్యకు. హ్యాండ్‌మేడ్ అంటే అంతే. నాకు ఇవే కావాలి. ప్లీజ్?"

కడుపుతో ఉన్న పిల్ల ప్లీజ్ అంటే ఏ తల్లి కాదంటుంది? చాముండేశ్వరి తలూపింది.

గురువారం పొద్దున వార్తాపత్రిక కాగితాలు విప్పి నలభై గిన్నెలనూ గట్టు మీద పేర్చింది. బూడిదరంగువి, లేత ఆకుపచ్చవి, ప్రతి దాని అడుగునా ఒక బొటనవేలి ముద్ర. మొదటిది తట్టింది. మొద్దుగా పలికింది. రెండోది, మూడోది కూడా అంతే. నలభై తట్టేసరికి కుర్చీలో కూలబడింది. నలభైకి నలభై ఓటివి! పగిలిన గిన్నెల్లో చలిమిడి పెట్టి, నలభైమంది ముత్తయిదువుల చేతుల్లో పెడితే ఆ బిడ్డ సంగతి ఏమవుతుంది?

వీరభద్రరావును లేపింది. ఆయన కళ్ళు నులుముకుంటూ రెండు గిన్నెలు తట్టి చూశాడు.

"గుళ్ళో గంటలా మోగుతోంది కదే!"

"మీకేం తెలుసు!"

"నాకు తెలీదులే. ఆడలేక మద్దెల ఓడందిట వెనకటికి ఒకత్తె" అని ఆయన నవ్వుతూ వెళ్ళిపోయాడు. ఆ మాట ఆమెకు ఎక్కడో కలుక్కుమంది. ఎక్కడో తెలియలేదు.

అంతే. బిన్ లాగిపెట్టిందీ, పళ్ళు ఇచ్చిందీ ఎందుకో ఇప్పుడు తెలిసిపోయిందనుకుంది. మంచి చేసుకుని, అమాయకపు పిల్లకు పాడు సరుకు అంటగట్టింది! శ్రీలేఖకు ఫోన్ చేసి, ఆఫీస్‌కి వెళ్ళేముందు రమ్మంది. పది గంటలకు తల్లీకూతుళ్ళు ఒక పెట్టె పట్టుకుని గరాజ్ ముందు నిలబడ్డారు. నిలబడగానే శ్రీలేఖకు ఆఫీస్ కాల్ వచ్చింది. "వన్ మినిట్ అమ్మా" అని ఫోన్ చెవికి పెట్టుకుని రోడ్డు దాకా నడిచింది.

ఫుమికో మట్టి చేతులు తుడుచుకుంటూ లేచి, నడుము వంచి నమస్కరించింది. ఇద్దరికీ ఉన్నది ఇంగ్లీషు ఒక్కటే. ఎవరి ఇంగ్లీషు వారిది.

"మీ గిన్నెలన్నీ పగిలినవి" అంది చాముండేశ్వరి. గొంతు ఆమె అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది.

ఫుమికో నొచ్చుకోలేదు. పెట్టెలోంచి ఒక గిన్నె తీసింది. పక్కన అరమీద నుంచి ఇంకొకటి తీసి, రెంటినీ బల్ల మీద పక్కపక్కన నిలిపి, చిన్న చెక్క పుల్లతో ముందు దీన్నీ, తర్వాత దాన్నీ తట్టింది.

"మిసెస్ రావ్, రెంటిలో పగిలింది ఏది?"

చాముండేశ్వరి తల వాల్చి వింది. ఒకటి మొద్దు. రెండోదీ మొద్దే. "మళ్ళీ కొట్టండి" అంది. మళ్ళీ కొట్టింది. ఎంత చెవి ఒగ్గినా రెండింటికీ తేడా లేదు. ఏడేళ్ళ వయసు నుంచీ ఒక్కసారీ తడబడని మనిషి, ఆవేళ వట్టినే వేలు చాపి పెట్టెలోంచి తీసినదాన్ని చూపించింది.

ఫుమికో అరమీది గిన్నెను ఎత్తి మెల్లగా తిప్పింది. అంచు నుంచి అడుగు దాకా పొడుగాటి బీట, దానిలోంచి వెలుతురు సన్నని గీతలా కనిపించింది. చాముండేశ్వరి చూపించిన గిన్నెలో నీళ్ళు పోసి ఎత్తి పట్టుకుంది. ఒక్క చుక్క కారలేదు.

చాముండేశ్వరి చూసింది. ఆ గిన్నెనూ చూసింది, పదిహేడు కప్పులనూ చూసింది. గుడిలో గొణుగుతున్న సుమతినీ, అటక మీది కంచు గిన్నెనూ చూసింది. చెడింది సరుకు కాదు. లావు చప్పుళ్ళు ఇంకా అందుతున్నాయి గానీ మోతలోని సన్నదనం ఆ చెవిలోంచి ఎప్పుడో జారిపోయింది.

అప్పుడే శ్రీలేఖ ఫోన్ పెట్టేసి, బరువుగా అడుగులేస్తూ లోపలికి వచ్చింది. "సో, ఏమైంది?"

చాముండేశ్వరి పెదవి కదల్లేదు. ఫుమికో ఆమె ముఖం వైపు ఒక్క క్షణం చూసింది. చూసి, బీట ఉన్న గిన్నెను ముందుకు చాపింది.

"మీ అమ్మగారు చెప్పింది నిజమే. తప్పు నాది. ఆవం చల్లారకముందే తొందరపడి తెరిచాను. అన్నీ వెనక్కి తీసుకుంటాను."

"అన్నీనా?" శ్రీలేఖ ముఖం ఎర్రబడింది. "నేను ట్రస్ట్ చేశాను మిమ్మల్ని. సండే నా ఫంక్షన్!"

"క్షమించమ్మా" అని ఫుమికో మళ్ళీ వంగింది.

ఇంటికి నాలుగే అడుగులు. ఆ నాలుగడుగుల్లో చాముండేశ్వరి నోరు తెరిచి ఉంటే సరిపోయేది. తెరవలేదు. సాయంత్రానికి రెండో పెట్టె కూడా ఫుమికోకు చేరింది. బజార్లో నలభై స్టీలు గిన్నెలు కొన్నారు.

శ్రీలేఖ అంతటితో ఊరుకోలేదు. గుడి ఆడవాళ్ళ ఈమెయిల్ గ్రూపులో రాసేసింది. ఫలానా ఆవిడ దగ్గర కొనొద్దు, మా అమ్మ తట్టి చూసింది, అన్నీ పగిలినవే అని. శుక్రవారం పొద్దున్నే సుమతి ఫోన్ చేసింది.

"కార్తీకానికి ఐదొందల ప్రమిదలు ఆవిడకే ఇద్దామనుకున్నామక్కా. సమయానికి చెప్పి రక్షించారు. మీ చెవి ఉండబట్టి సరిపోయింది!"

"ఏమిటీ?" అంది చాముండేశ్వరి. సుమతి మళ్ళీ చెప్పింది. రెండోసారి విన్నాక, మళ్ళీ మాట్లాడతానని ఫోన్ పెట్టేసింది.

అయినా అనుమానం అంత తొందరగా చావదు. వంటింట్లో కూర్చుని ఆలోచించింది. ఎందుకు అబద్ధం చెప్పింది? నలభై గిన్నెల కష్టం నేలపాలు చేసుకుని, పేరు చెడగొట్టుకుని, నన్నెందుకు వెనకేసుకొచ్చింది? ఏదో ఆశించే చేసి ఉంటుంది. రేపు వచ్చి, మీ గుట్టు నా దగ్గరుంది అంటుంది. అలా అంటే ఏం చెయ్యాలో కూడా ఆలోచించి పెట్టుకుంది. రోజంతా కిటికీ దగ్గరే కాచుకుని కూర్చుంది.

మధ్యాహ్నం చెత్త బండి వచ్చి వెళ్ళింది. ఫుమికో బయటికి వచ్చింది. తన బిన్ లాక్కుపోయింది. మళ్ళీ వచ్చి, చాముండేశ్వరి బిన్ కూడా లాక్కొచ్చి గోడవారగా పెట్టింది. మూత గాలికి తెరుచుకుంటే, దించి సరిచేసింది. కిటికీ వైపు తలెత్తి కూడా చూడలేదు. వెళ్ళి సారె ముందు కూర్చుంది.

చాముండేశ్వరి ఆ సాయంత్రం దేవుడి ముందు కూర్చుంది గానీ నామం మీద మనసు నిలవలేదు. తల్లీ, నేను తప్పు వెతికిన మనిషిలో తప్పు దొరకలేదు, ఇప్పుడేం చెయ్యను, అని అడిగింది. దేవుళ్ళు గట్టిగా మాట్లాడరు. ఆమెకు జవాబు తెలుసు గనక వినపడకపోయినా ఫరవాలేదు.

శనివారం పొద్దున ఎనిమిదింటికి గరాజ్‌లోకి వెళ్ళింది. నలభై గిన్నెలూ గోడవార పలక మీద ఉన్నాయి, ఒక్కటీ పారెయ్యలేదు. ఫుమికో పీట చూపించి, రెండు గిన్నెల్లో టీ పోసింది. గిన్నె ఒరిగినవైపు చాముండేశ్వరి వేళ్ళు వాటంతట అవే వెళ్ళి కూర్చున్నాయి.

"మంచి గిన్నెను ఎందుకు నొక్కుతారు?" అని అడిగింది. అడగాలనుకున్నది అది కాదు.

"సారె గుండ్రంగా చేస్తుంది. చెయ్యి గుండ్రంగా ఉండదు కదా" అంది ఫుమికో.

చాముండేశ్వరి టీ గిన్నె కింద పెట్టింది.

"మొన్న మీరు నా కోసం అబద్ధం చెప్పారు."

"మా ఆయన, టీ టైమరు పాడైందని వరసగా ఆరు టైమర్లు కొన్నాడు." ఫుమికో ఆమె ముఖానికి ఎదురుగా తిరిగి, ఒక్కో మాటా విడదీసి చెప్పింది. "ఆరూ మోగేవి. ఒకరోజు నేను పదిమందిలో నవ్వాను, నీ చెవే పాడైంది అని. ఆయన మళ్ళీ ఎవరింటికీ రాలేదు. చనిపోయేదాకా రాలేదు. మీ అమ్మాయి లోపలికి వస్తుంటే మీ ముఖంలో ఆయన కనిపించాడు."

"మీ పేరు పోయింది. మా వాళ్ళందరూ మిమ్మల్ని మోసగత్తె అనుకుంటున్నారు."

"తెలిసింది. నిన్న ఇద్దరు ఫోన్ చేసి ఆర్డర్లు వద్దన్నారు" అంది ఫుమికో. అని, ఖాళీ అయిన గిన్నెలో మళ్ళీ టీ పోసింది.

చాముండేశ్వరికి కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి. చెంగుతో తుడుచుకుని, ఆ నలభై గిన్నెల వైపు ఒకసారి చూసి ఫుమికో వైపు తిరిగింది.

"నాకొక సాయం చేసిపెట్టాలి ఫుమికో గారూ. పదకొండింటికి శ్రీలేఖ గాజులు సర్దడానికి వస్తుంది. చెప్పాల్సింది నేనే చెప్తాను, ఆ ఈమెయిలు కూడా నా చేత్తోనే రాస్తాను. దాన్ని ఇంగ్లీషులోనే మాట్లాడమంటాను, మీరు వచ్చి నా పక్కన కూర్చోండి. అది ఏడ్చిందంటే మాటలు గొంతులోనే ఉండిపోతాయి, నాకు అందవు. అదేమందో నా ముఖం చూసి నెమ్మదిగా చెప్పండి. నన్ను తిట్టినా సరే, ఒక్క మాట తగ్గించొద్దు."